తాళంచెవి చప్పుడు

అత్తగారి దిండు గలీబు విప్పుతుంటే ఆ మరక కనిపించింది.

మరక అని కూడా అనలేం. తెల్లటి గుడ్డ మీద టీ చుక్క ఎండినట్టు ఒక వలయం. అంచు కాస్త ముదురు, నడుమ వెలిసిన రంగు. ఇంకొకరైతే చూసీ చూడనట్టు మాసిన బట్టల బుట్టలో పడేసేవారు. ఆమె పగలంతా లాండ్రీలో చేసేది మరకలు తీసే పనే కాబట్టి, చేతులు వాటంతటవే గలీబును కిటికీ వెలుతురుకు ఎత్తాయి. టీ కాదు, నూనె కాదు. రక్తం. దాన్ని ఎవరో వేడినీళ్ళలో ఉతికారు. రక్తం మీద వేడినీళ్ళు పడితే అది పోదు సరికదా, గుడ్డలోకి ఇంకి అక్కడే కాపురం పెడుతుంది. ఎవరో కంగారుగా, ఆమె కంట పడకుండా, దీన్ని ఉతికి ఆరేసి మళ్ళీ దిండుకు తొడిగారు.



భర్త లారీలో సరుకు వేసుకుని వెళ్ళి చాలా రోజులైంది. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారూ. తను పనిలో ఉన్నంతసేపూ అత్తగారిని కనిపెట్టుకుని ఉండటానికి వచ్చే ఆయా. అంతే.

అత్తగారు ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని వీధిలో పోయే బస్సుల్ని తిడుతోంది. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఇప్పటికీ చుట్టుపక్కలందరికీ కండక్టరమ్మే.

"చూడు, చూడు! ఆ మనిషి ఇంకా మెట్టు మీదే ఉన్నాడు, వీడు కదిలించేశాడు. వీడికి స్టీరింగ్ ఇచ్చినవాణ్ణి అనాలి."

"అత్తయ్యా, తల దువ్వుతాను. కొంచెం ఇటు తిరగండి."

"పొద్దున ఆయా దువ్విందిగా?"

"చెదిరింది."

దువ్వెన కుడిచెవి వెనక ఆగింది. అత్తగారి భుజాలు బిగుసుకున్నాయి. జుట్టు పాయ తీసి చూస్తే నల్లగా చెక్కు కట్టిన గాయం.  అత్తగారు రోజూ వేసుకునే మాత్ర రాసిన రోజున డాక్టరు మరీ మరీ చెప్పిన మాట ఆమె చెవిలో మోగింది. రక్తం పల్చబడే మాత్ర ఇది, తలకు దెబ్బ తగిలితే మాత్రం నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, లోపల ఏం జరుగుతోందో పైకి తెలియదు.

"ఇదేంటి?"

"తలుపు తగిలింది."

"ఏ తలుపు?"

"ఇంట్లో ఉన్నవాటిలో ఏదో ఒకటి. నంబరు చూసుకోలేదు."

ఆమె మాట్లాడకుండా అత్తగారి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మోచేతికి పైన, వెలుపలి వైపు నాలుగు నీలం మచ్చలు వరసగా. లోపలి వైపు ఒకటి, బొటనవేలంత.

"ఇవి?"

"పుట్టుమచ్చలు."

"అత్తయ్యా!"

"ముసలితనంలో కొత్తవి మొలుస్తాయట, పళ్ళకు బదులు." అత్తగారు జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. నవ్వు మాత్రం నోటి దగ్గరే ఆగిపోయింది, కళ్ళదాకా రాలేదు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి వీధిదీపాలు వెలుగుతున్నాయి. అత్తగారిని స్కానింగ్ గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు పైన ఎర్రదీపం వెలిగింది. కళ్ళజోడు, జుట్టు పిన్నులు, చెవికి పెట్టుకునే మిషను అన్నీ ఆమె చేతిలో పెట్టారు. మనిషి లోపల, మనిషి సామాను బయట. ఆ పిన్నుల్ని గుప్పిట్లో పట్టుకుని బెంచీ అంచున కూర్చుంది.  ఒకావిడ చక్రాల మంచం తోసుకుంటూ పోయింది. ఆ మంచం మీద మనిషి మొహం దాకా దుప్పటి కప్పి ఉందేమోనని భయపడి తలెత్తి చూడలేదు. 'ఏమైనా అయితే నన్నే అంటారు' అనిపించింది. అలా అనిపించినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

తలలో ఏమీ లేదన్నారు. దెబ్బ పైపైనే తగిలిందనీ, కొన్నాళ్ళ కిందటిదనీ, మానుతోందనీ చెప్పారు. ఊపిరి పీల్చుకునేలోపే డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు. కుర్రవాడే, మాట మెత్తగా ఉంది.

"చేతి మీదవి వేళ్ళ గుర్తులు. ఎవరో గట్టిగా పట్టుకున్నారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

అడుగుతూ అతను ఒక్క క్షణం ఆమె చేతులవైపు చూశాడు. ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడి నిలబడి గట్టిపడిన చేతులు. ఆమె వాటిని వెనక్కి దాచుకుంది. దాచుకున్నాక గానీ అది ఎంత పొరపాటో తెలియలేదు.

"పగలు... పగలు ఆయా ఉంటుంది, డాక్టరుగారూ" అంది గబగబా.

ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా అది ఆమెకు అనుమానమే. వచ్చాక నిజమైపోయింది.

*

మర్నాడు ఉదయం ఆయా ఎప్పట్లాగే వచ్చింది. గడప దగ్గర వీధిచెప్పులు విడిచి, సంచిలోంచి ఇంటి చెప్పులు తీసి వేసుకుంది. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతున్న ఏప్రను అందుకోబోయింది. భుజాలు వెడల్పు, మాట తక్కువ. అత్తగారిని కుర్చీలోంచి లేపేటప్పుడు కూడా ఆమెకు ఆయాసం రాదు.

"ఆగు" అంది కోడలు.  "అత్తయ్య తల మీద దెబ్బ ఎక్కడిది? చేతి మీద ఆ గుర్తులు ఎవరివి?"

ఆయా చెయ్యి ఏప్రను దగ్గరే ఆగింది. తిరిగి అత్తగారివైపు చూసింది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తోంది. వీధిలో బస్సేమీ లేదు.

"పెద్దమ్మా, చెప్పమంటారా?"



"ఆవిడనెందుకు అడుగుతావు? నేను నిన్ను అడుగుతున్నాను. ఆ వేళ్ళు నీవేనా, కాదా?"

"నావే" అంది ఆయా.

"విన్నారా అత్తయ్యా!"

"వేళ్ళు నావే గానీ నేను కొట్టలేదమ్మా. పెద్దమ్మనే చెప్పమనండి."

"చెప్పండి అత్తయ్యా. భయపడకండి, నేనున్నాను."

అత్తగారు ఒళ్ళో ఉన్న చేతిరుమాలును మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది. "నాకేం గుర్తులేదు" అంది చివరికి, కిటికీతోనే.

 ఆయా మేకు మీంచి ఏప్రను తీసి, తొడుక్కోకుండా మడిచి సంచిలో పెట్టుకుంది. తన దగ్గరున్న తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఇంటి చెప్పులు తీసి, వీధిచెప్పులు వేసుకుంటూ అంది:

"ఏ బస్సు ఏ స్టాపులో ఎంతసేపు ఆగేదో ఇప్పటికీ చెబుతారు పెద్దమ్మ. ఆవిడకు గుర్తులేకపోవడం నేను చూడటం ఇదే మొదటిసారి."

ఆ రోజు ఆమె పనికి వెళ్ళలేదు. ఆడపడుచు ఫోన్ చేసి సంగతంతా విని, "కంటికి రెప్పలా చూసుకుంటున్నానన్నావు. ఆ రెప్ప ఎక్కడ పెట్టుకున్నావు?" అంది.

"పగలు నేను ఇంట్లో ఉండను కదా వదినా."

"అందుకే మొదట్నుంచీ చెబుతున్నాను, వృద్ధాశ్రమంలో చేరిస్తే నర్సులుంటారని. ఆ ఆయా పేరు నాలుగిళ్ళలో చెప్పకపోతే చూడు. ఇంకో ముసలిప్రాణం దాని చేతిలో పడకూడదు."

భర్తకు ఎక్కడో దారిలో సిగ్నల్ దొరికింది. "నేను వచ్చేదాకా అమ్మను ఒక్కదాన్నే వదలకు" అన్నాడు.

"మరి నా పని?"

అవతల లారీ హారన్ వినిపించింది. "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అంటే ఆమే చూసుకోవాలని.

చూసుకుంది. కాళ్ళకు చుట్టుకుంటాయని నేల మీద పరిచిన పట్టాలన్నీ చుట్టి అటక మీదికి ఎక్కించింది. స్నానాలగది తలుపుకు లోపలి గడియ మరలు ఊడదీసింది. పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా వంటింటికి గొళ్ళెం పెట్టింది. చేతికర్రకు చిన్న గంట కట్టింది, లేస్తే తెలుస్తుందని.

"పిల్లి మెడలో గంట కట్టాలనుకున్నాయట ఎలుకలు" అంది అత్తగారు దాన్ని మోగించి చూసి. "నువ్వు ఎలుకకే కట్టావు."

"మీ మంచికే అత్తయ్యా."

"కదిలే బస్సులో పట్టుకోకుండా నిలబడ్డదాన్ని. కదలని ఇంట్లో పడతానా?"

కానీ గంట మోగిన ప్రతిసారీ ఆమె ఎక్కడున్నా ఒకటే పరుగు. "లేవకండి! ఆగండి! నేనొస్తున్నాను!" చేతిలో గరిటె ఉంటే గరిటెతోనే. అత్తగారు లేవబోయి, ఆ కేక విని, ఉన్నచోటే కూర్చుండిపోయేది. మరుగుదొడ్డికి వెళ్తే ఆమె తలుపు బార్లా తీసి అక్కడే నిలబడింది. లోపల అత్తగారు చాలాసేపు కూర్చుని, ఏమీ రాక, తిరిగి వచ్చేసింది. సాయంత్రం చూస్తే పొద్దున పోసిన మంచినీళ్ళు గ్లాసులో అలాగే ఉన్నాయి.

"నీళ్ళు తాగలేదేం?"

"దాహం లేదు."

దాహం లేకపోవడమేమిటి, జబ్బేమోనని ఆమెకు ఇంకో భయం పట్టుకుంది.

*

తర్వాతి రోజు లాండ్రీ యజమాని ఊరుకోలేదు. హోటలు దుప్పట్లు కుప్పపడి ఉన్నాయి, ఇస్త్రీ దగ్గర మనిషి లేదు, ఒక పూటైనా వచ్చి తీరాలన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తగారికి రొట్టె, పాలు పెట్టి, మంచం మీద పడుకోబెట్టి, మంచానికి రెండు పక్కలా కుర్చీలు అడ్డం పెట్టింది. చేతికర్ర తీసి గోడకు ఆనించింది, చేతికి అందనంత దూరంలో. అందితే లేస్తుంది కదా.

"నేను వచ్చేదాకా మంచం దిగనని మాటివ్వండి."

"సరే."

"ఒట్టు?"

"టికెట్టు కొట్టి ఇవ్వమంటావా?"

ఫోను దిండు పక్కన పెట్టి, బయట తాళం వేసింది. వీధి మలుపు తిరిగేలోగా వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే కదలలేనని చూడలేదు. గుప్పిట్లో తాళంచెవి చెమటకు జారుతోంది.

లాండ్రీలో ఆవిరి బుసబుసలాడుతోంది. దుప్పటి పరచడం, కాలితో నొక్కితే ఆవిరి లేవడం, అంచులు కలిపి మడవడం. మామూలుగా ఈ పనిలో మనసు తేలికపడేది. ఇవాళ ప్రతి దుప్పటీ ఆసుపత్రి దుప్పటిలా కనిపించింది. కాస్త సందు దొరకగానే ఫోన్ చేసింది.

"బతికే ఉన్నాను" అంది అత్తగారు.

"మంచం మీదే ఉన్నారా?"

"పల్లకీ ఎక్కానా మరి?"

మళ్ళీ చేసినప్పుడు ఫోను మోగి మోగి ఆగిపోయింది. నిద్రపోయి ఉంటుంది, అనుకుంది. ఇంకోసారి చేసింది. అదీ అంతే. చెవి మిషను తీసేసి ఉంటుంది, అనుకుంది. మూడోసారి మోగుతుండగా పక్కన పనిచేసే ఆవిడ "అయ్యో, మాడిపోతోంది!" అని అరిచింది. చూస్తే ఒక తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు ముద్ర. ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, పైన తొడుక్కున్న పనికోటు కూడా విప్పకుండా బయటికి పరుగెత్తింది. యజమాని వెనకనుంచి ఏదో అంటున్నాడు.

దారిలో ఒకటే బొమ్మ కళ్ళ ముందు: గచ్చు మీద అత్తగారి తల, దాని కింద వలయంలా విస్తరిస్తున్న ఎరుపు. దాన్ని చెరిపేయాలని ఎంత వేగంగా నడిస్తే అది అంత పెద్దదైంది. గేటు చప్పుడు కాకుండా తోసింది. లోపలినుంచి ఏడుపో మూలుగో వినిపిస్తుందేమోనని చెవి రిక్కించింది. ఏమీ వినిపించలేదు. అది ఇంకా భయంగా ఉంది. తలుపు పక్క కిటికీలోంచి లోపలికి చూసింది.

మంచం ఖాళీ. ఒక కుర్చీ పక్కకు జరిగి ఉంది. అత్తగారు నేల మీద ఉంది.

కానీ పడి లేదు, కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని, కింద ఒక తువ్వాలు వేసుకుని, రెండు చేతులూ పక్కన ఆనించి, కొంచెం కొంచెంగా గోడవారనున్న చెక్క బల్ల వైపు జరుగుతోంది. కాస్త జరగడం, ఆగి ఊపిరి తీసుకోవడం. తొందరేమీ లేదు. ఆగినప్పుడు తనలో తను ఏదో గొణుక్కుంటోంది, ఇల్లు తుడుచుకుంటున్న మనిషిలా. బల్ల దగ్గరికి చేరి, పక్కకు ఒరిగి, మోకాళ్ళ మీదికి వచ్చి, రెండు మోచేతులూ బల్ల మీద పెట్టింది. ఇదంతా ఎవరో నేర్పినట్టుంది. ఒకదాని తర్వాత ఒకటి, తడబాటు లేకుండా.

 బతికే ఉంది. అదొక్కటే తలలో తిరుగుతుండగా కోడలు తాళంలో చెవి పెట్టి తిప్పింది.

ఆ చప్పుడుకి అత్తగారి తల చివాలున లేచింది.

ఆ మొహాన్ని ఆమె కిటికీలోంచి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు వెనక్కి లాగుకున్నాయి. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లల మొహాన ఉండే భయం. అంత వయసు మొహాన దాన్ని చూడటం భరించలేకపోయింది. "వచ్చేసింది, వచ్చేసింది" అంటూ అత్తగారు గబగబా లేవబోయింది. మోచెయ్యి జారింది. గడ్డం బల్ల అంచుకు తగలడం వెంట్రుకవాసిలో తప్పింది. ఆగలేదు. మళ్ళీ, ఇంకా వేగంగా. ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేత్తో కింద ఉన్న తువ్వాలును మంచం కిందికి తోసేస్తూ.

కోడలి చెయ్యి తాళం మీద గడ్డకట్టింది. లోపలికి పరుగెత్తాలి, రెక్క పట్టి లేపాలి. ఒళ్ళంతా అదే అంటోంది. కానీ తలుపు తెరుచుకుంటే లోపల మనిషి ఇంకా కంగారుపడుతుంది. ఇంతసేపూ పడని మనిషి ఇప్పుడు పడుతుంది, తన వల్ల.

ఆమె తాళం వదిలేసి గడప ముందు మెట్టు మీద కూర్చుంది. 

"అత్తయ్యా!" అంది, వీలైనంత మామూలుగా. "నేనే. అలసిపోయాను. కాసేపు ఇక్కడ గాలికి కూర్చుంటాను. మీరు నిదానంగా కానివ్వండి."

లోపల చప్పుడు ఆగింది.

"ఏం కానివ్వాలి?" అనుమానంగా వచ్చింది గొంతు.

"మీరు చేస్తున్న పని."

కాసేపటికి బల్ల కిర్రుమంది. ఊపిరి బరువుగా వినిపించింది. కాలు ఈడ్చిన చప్పుడు. ప్రతి చప్పుడుకీ ఆమె మెట్టు అంచును గట్టిగా పట్టుకుంది. లేచి కిటికీలోంచి చూడకుండా ఉండటం ఆమె జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

"అయింది" అంది లోపలి గొంతు. "రా."

అత్తగారు బల్ల మీద కూర్చుని ఉంది. జుట్టు చెదిరి, మొహం చెమట పట్టి. కోడలు దగ్గరికి వెళ్ళలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఫోను మంచం కిందికి జారింది. తీద్దామని దిగాను" అంది అత్తగారు. కాసేపాగి, "ఆ అమ్మాయి నన్ను కొట్టలేదు" అంది.

కోడలు తల దించుకుంది.

"స్నానాలగదిలో జారాను. తల గోడకు కొట్టుకుంది. నన్ను లేపుతుంటే తడి గచ్చు మీద మళ్ళీ జారాను. అప్పుడు పట్టుకుంది చెయ్యి. ఆ పట్టే లేకపోతే ఈపాటికి నా గురించి 'ఉండేది' అని చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. డాక్టరు దగ్గరికి పోదామంది, నీకు చెబుతానంది. నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ గలీబు కూడా నేనే ఉతికాను. నేల మీంచి లేవడం కూడా తనే నేర్పింది."

"ఎందుకత్తయ్యా? నాకు చెబితే ఏమయ్యేది?"

"నీకు భయపడి."

"నేను మిమ్మల్ని ఎప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"అనలేదు. అనకుండానే ఒక్కొక్కటీ తీసేశావు. కళ్ళు తిరిగాయంటే మేడమెట్లు పోయాయి. తూలానంటే వీధి పోయింది. పాలు పొంగితే పొయ్యి పోయింది. నిన్న తలుపు గడియ పోయింది. ఇంక పడ్డానని చెబితే నాకు మిగిలేది ఆ మంచమే కదా." అత్తగారు మంచం వైపు చూసింది. "దాని మీద పడుకుని ఎప్పుడు పోతానా అని చూడటమే కదా."

 "నాకు మాత్రం భయం లేదా?" అంది కోడలు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. "ఆ డాక్టరు నా చేతులవైపు చూశాడు, అత్తయ్యా. నేనే చేశాననుకున్నాడు. మీ అమ్మాయి రెప్ప ఎక్కడ పెట్టావంటుంది. ఆయన వదలకు అంటారు. మీకేమైనా అయితే నేనెక్కడ మొహం పెట్టుకోవాలి? ఇంటికి వచ్చేటప్పుడు ఆ తలుపు తీయాలంటే రోజూ నాకు ప్రాణం పోతుంది, లోపల ఎలా ఉంటారోనని."

 అత్తగారు ముందుకు వంగి కోడలి చెయ్యి తీసుకుని, తన జాకెట్టు చెయ్యి మడిచి, ఆ వేళ్ళను నీలం మచ్చల మీద పెట్టింది. మచ్చల మధ్య దూరం ఎక్కువ. వేళ్ళు అందలేదు.

"ఆ డాక్టరుకి కొలతలు రావు" అంది.

ఇద్దరికీ నవ్వు రాబోయింది. కానీ వచ్చింది ఏడుపు.

"ఆ అమ్మాయిని నిలువునా ముంచాను" అంది అత్తగారు ముక్కు తుడుచుకుంటూ. "గుర్తులేదన్నాను."

"ఫోన్ చేస్తాను. తప్పయిందని చెబుతాను."

"ఫోన్లో కాదు. నేనే వెళ్ళాలి. నడిచి."

*

మర్నాడు బయల్దేరారు. ఆయా ఉండేది సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన. మెట్లు ఇరుకు. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు.  వాటిని చూడగానే కోడలు ఆయాను కిందికి పిలుద్దామని అనబోయి, అత్తగారి మొహం చూసి మానుకుంది.

"నేను ముందు నడవనా?"

"వెనక రా. పడితే నీ మీద పడతాను. గచ్చు కంటే నువ్వే మెత్తన."

అత్తగారు గోడ పట్టుకుని ఎక్కింది. మెట్టు మెట్టుకీ రెండు పాదాలూ కలిపి. కోడలు వెనకే, చేతులు చాచి, తాకకుండా. తాకాలని వేళ్ళ కొసలు జివ్వుమన్నాయి. నడిమెట్టు దగ్గర అత్తగారు ఖాళీ వైపు కొంచెం ఒరిగింది. కోడలు నోట్లోంచి కేక రాబోయింది. పళ్ళ మధ్య పెదవి నొక్కుకుంది. అత్తగారు తనంతట తనే గోడ వైపు సర్దుకుంది.

తలుపు తీసిన ఆయా ఇద్దర్నీ చూసి కదలకుండా నిలబడింది.

అత్తగారికి ఆయాసంతో మాట రాలేదు. కాసేపటికి, "గుర్తొచ్చింది" అంది.

"ఎప్పుడు?"

"ఎప్పుడూ మర్చిపోలేదు."

ఆయా లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి అత్తగారి వెనక వేసింది. కోడలికి ఏమీ వేయలేదు.

"తప్పయింది" అంది కోడలు. "అసలేం జరిగిందని అడగాల్సింది..."

"అడిగారమ్మా. అడిగి, జవాబు కూడా మీరే చెప్పుకున్నారు." గొంతులో కోపం లేదు. కోపం కంటే అలసట ఉంది. "నాకిక్కడ నిద్ర లేదు. రేపటి నుంచి ఒక పెద్దాయన దగ్గర పొద్దున పూట కుదిరాను. వాళ్ళకెవరైనా ఫోన్ చేసి ముసలివాళ్ళ మీద చెయ్యి చేసుకుంటుందని చెబితే? ఫోను మోగితే చాలు, నన్ను రావద్దనడానికేనని వణికిపోతున్నాను. ఈ పనిలో ఆ మాట ఒక్కసారి అంటుకుంటే పోదమ్మా."

నాలుగిళ్ళలో చెప్పకపోతే చూడు అన్న ఆడపడుచు మాట కోడలికి గుర్తొచ్చింది. అక్కడే నిలబడి ఆవిడకే ఫోన్ చేసింది, ఆయాకు వినపడేలా స్పీకరు పెట్టి.

"వదినా, ఆయా గురించి ఎవరికైనా చెప్పారా?"

"ఇద్దరికి చెప్పాను. ఏం?"

"వాళ్ళకిప్పుడే ఫోన్ చేసి అది తప్పని చెప్పండి. అత్తయ్య పడ్డారు. ఆయా పట్టుకుంది, అందుకే ఇంకా మనకు ఉన్నారు."

"పడిందా? అంటే మళ్ళీ పడుతుందన్నమాటే కదా!"

"పడొచ్చు" అంది కోడలు. ఆ మాట తన నోటితో అనగలనని ఆమె అనుకోలేదు.

"చూశావా! అందుకే ఆశ్రమం అన్నది..."

అత్తగారు చెయ్యి చాచి ఫోను అందుకుంది. "నేను పక్కనే ఉన్నానే. నా గురించి నాతో మాట్లాడు. ముందు ఆ ఇద్దరికీ ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి."

ఫోను పెట్టేసింది. కింద కొట్టులో ఎవరో చక్రం తిప్పుతున్న చప్పుడు. ఆయా గోడకు ఆనుకుని ఆలోచించింది.

"మధ్యాహ్నాల నుంచి రాగలను" అంది చివరికి. "ఒక మాట మీద. పెద్దమ్మ పడితే చెబుతాను, ఇంక దాచను. దాచి నేనూ తప్పు చేశాను. చెప్పినప్పుడు మీరు అరవకూడదు, పరుగెత్తి రెక్క పట్టి గుంజకూడదు. లేవడం ఎలాగో మీరూ నేర్చుకోవాలి."

"చెప్పండి, వింటాను" అంది కోడలు. ఆయాను ఆమె మీరు అనడం అదే మొదలు.

"చెబితే రాదు. కింద పడుకోండి."

"ఎవరు, నేనా?"

"మరి నేనా?" అంది అత్తగారు కుర్చీలోంచి.

కోడలు గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. చల్లదనం వీపుకు తగిలింది. అక్కడినుంచి గది వేరేలా ఉంది. కుర్చీ కాళ్ళు, బల్ల అడుగు, పైన ఎక్కడో ఇద్దరి మొహాలు. అన్నీ ఎత్తు, అన్నీ దూరం. ఇలాంటి చోటునుంచి ఒక గొంతు లేవకు లేవకు అని అరుస్తూ పైనుంచి మీదికి వస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలిసింది. లేవాలని చెయ్యి దానంతటదే పైకి లేచింది, ఎవరైనా అందుకుంటారని.

ఆయా రెండు చేతులూ వెనక కట్టుకుంది. అత్తగారు కూడా కదల్లేదు.

గాల్లో ఉన్న చెయ్యిని కోడలు మెల్లగా కిందికి దించింది. గచ్చు మీద అరచెయ్యి ఆనించి పక్కకు తిరిగింది.